ల్యాప్‌టాప్‌లో హైపర్‌వైజర్: అజమాయిషీ ఎవరిది?

తార్నాకలో అద్దె గదుల్లో ఉంటూ ఉస్మానియా క్యాంపస్‌లో ఇంజనీరింగ్ చదివేవారైనా, మెట్రో ఎక్కి అమీర్‌పేట కోర్సులకు వెళ్లేవారైనా ఇవాళ ఒక్క ల్యాప్‌టాప్‌లో మూడు నాలుగు కంప్యూటర్లు నడపగలరు. ఆ పని చేసిపెట్టేది హైపర్‌వైజర్. అందులో బేర్ మెటల్ రకం విండోస్ మీదో లినక్స్ మీదో ఆధారపడదు, నేరుగా హార్డ్‌వేర్ మీదే నడుస్తుంది. సర్వర్లలో అది ఎప్పుడో స్థిరపడింది. సొంత కంప్యూటర్లలోకి రావడానికి ఎందుకు తంటాలు పడిందంటే ప్రాసెసర్ చాలకనే అంటారు. అది సగం నిజం. తెర, వైఫై, బ్యాటరీ ఎవరి అజమాయిషీలో ఉండాలన్నది తేలకపోవడమే అసలు కారణమని ఈ చరిత్ర చెబుతోంది.

కంప్యూటర్ అంటే సంస్థ మొత్తానికీ ఉమ్మడి ఆస్తి అయిన కాలంలో ఈ ఆలోచన పుట్టింది. 1972లో ఐబీఎం ప్రకటించిన వీఎం/370తో ఒకే పెద్ద యంత్రం మీద పనిచేసేవారికి ఎవరి కంప్యూటర్ వారికి ఉన్నట్టే ఉండేది. ఆ రోజుల్లోనే తార్నాకకు కొద్ది మైళ్ల దూరంలో, 1967లో ఏ.ఎస్. రావు సారథ్యంలో మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, టీడీసీ వరస కంప్యూటర్లు తయారుచేస్తోంది. అవీ ఇంటికొకటి కొనుక్కునేవి కావు. యంత్రం స్థితిని తాకే ప్రతి ఆదేశమూ హైపర్‌వైజర్‌కు పట్టుబడితీరాలని 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ సూత్రీకరించారు. పర్సనల్ కంప్యూటర్లలోని ఇంటెల్ ప్రాసెసర్లు ఆ పరీక్షలో తప్పాయి. పెంటియంలో అలా జారిపోయే ఆదేశాలు 17 ఉన్నాయని 2000లో రాబిన్, అర్విన్ లెక్క తేల్చారు. వాటిలో పాప్‌ఎఫ్ ఒకటి. ఇంటరప్ట్‌లు ఆపమని గెస్ట్ ఓఎస్ (హైపర్‌వైజర్ పైన నడిచేది) దీనితో అడిగితే ప్రాసెసర్ ఆ పని చేయదు, చేయలేదని చెప్పదు కూడా. ఆగాయనుకుని గెస్ట్ ముందుకు పోతుంది. 1999లో వీఎంవేర్ అలాంటి ఆదేశాలను నడుస్తుండగానే తిరగరాసి గట్టెక్కింది. 2003లో కేంబ్రిడ్జ్ నుంచి వచ్చిన జెన్ గెస్ట్‌నే మార్పించింది. 2005 చివర్లో ఇంటెల్, 2006లో ఏఎండీ ఆ లోటును ప్రాసెసర్‌లోనే పూడ్చాయి.

ప్రాసెసరే అడ్డమైతే కథ అక్కడితో సుఖాంతం కావాలి. కాలేదు. వీఎంవేర్ 2009లో సొంత కంప్యూటర్ల కోసం క్లయింట్ హైపర్‌వైజర్ ప్రకటించి, అమ్మకానికి పెట్టకుండానే వదిలేసింది. సిట్రిక్స్ 2010లో తెచ్చిన జెన్‌క్లయింట్ 2016 దాటి బతకలేదు. ఎందుకో తెలియాలంటే వీఎంవేర్ సర్వర్ హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐని ఒక ల్యాప్‌టాప్‌లో ఎక్కించి చూస్తే చాలు. పసుపు, బూడిద రంగుల తెర మీద ఒక ఐపీ అడ్రస్ కనిపిస్తుంది. మిగతా పనంతా ఇంకో కంప్యూటర్ బ్రౌజర్‌లోంచి చేసుకోవాలి. వైఫైని అది పట్టించుకోదు. పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిసి ఉండే 12వ తరం ఇంటెల్ చిప్ అయితే, బూట్ ఆప్షన్ మార్చకపోతే ఊదా రంగు తెర వేసి ఆగిపోతుంది. ఇవి దాని లోపాలు కావు. ఎవరూ ఎదురుగా కూర్చోని యంత్రం కోసం దాన్ని కట్టారు.

పరికరాల పని తెలిసిన ఓఎస్‌కే వాటిని వదిలిపెట్టినవి మాత్రం నిలిచాయి. 2007లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన కేవీఎం అలాంటిది. 2012లో విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ హైపర్‌వైజర్ హైపర్-వీ ల్యాప్‌టాప్‌లకు వచ్చింది. దాన్ని ఆన్ చేశాక మనం వాడే విండోస్ కూడా హైపర్‌వైజర్ పైనే ఒక పార్టిషన్‌గా నడుస్తుంది, డ్రైవర్లు మాత్రం విండోస్ చేతిలోనే ఉంటాయి. అలాంటప్పుడు ఇది బేర్ మెటల్ ఎలా అవుతుందని అడిగేవారున్నారు. కేవీఎం విషయంలో ఆ సందేహం సబబే, అక్కడ కెర్నెలే హైపర్‌వైజర్. హైపర్-వీకి అది వర్తించదు. మెమరీ, ప్రాసెసర్ మీద ఆఖరి మాట దానిదే. డ్రైవర్లను పైకి అప్పగించినంత మాత్రాన ఆ స్థానం పోదు.

క్లౌడ్‌లో గంటల లెక్కన యంత్రం దొరుకుతుంటే ఈ శ్రమ ఎందుకన్నది మరో అభ్యంతరం. అప్లికేషన్ నడపడానికే అయితే ఒప్పుకోవచ్చు. కానీ క్లౌడ్‌ను నడిపేవాళ్లుగా ఉద్యోగాలకు వెళ్లే పిల్లలకు కింది పొర కనబడాలి, అక్కడ అది కనబడదు. పైగా ఉచితం అనేది ఇచ్చేవాళ్ల చేతిలో ఉంటుంది: ఉచిత ఈఎస్ఎక్స్ఐ 2024 ఫిబ్రవరిలో ఆగిపోయి, 2025 ఏప్రిల్‌లో మళ్లీ వచ్చింది. విండోస్ 11తో వచ్చే కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి భద్రత కోసం హైపర్‌వైజర్ కొన్ననాటి నుంచే నడుస్తుంటుంది. హోమ్ ఎడిషన్ అయితే హైపర్-వీ మేనేజర్ మాత్రం ఇవ్వరు. యంత్రం విద్యార్థిది, డబ్బు వాళ్ల ఇంట్లోవాళ్లది, పగ్గాలు కంపెనీవి. ఇది నాకు న్యాయంగా తోచదు.

అందుకే ఈథర్‌నెట్ పోర్టున్న పాత డెస్క్‌టాప్‌కు విలువ ఉంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ర్యామ్ కొని 16 జీబీ చేసి, బయాస్‌లో వర్చువలైజేషన్ ఎనేబుల్ చేస్తే, ఓపెన్ సోర్స్ హైపర్‌వైజర్ ప్రాక్స్‌మాక్స్ నిక్షేపంగా నడుస్తుంది. ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది, కరెంటు పోతే బ్యాటరీయే యూపీఎస్. అయితే వైఫై మీద బ్రిడ్జి కుదరదు, తనతో కనెక్టయిన ఒక్క మ్యాక్ అడ్రస్‌నే యాక్సెస్ పాయింట్ ఒప్పుకుంటుంది కాబట్టి. వర్చువల్ యంత్రాలన్నీ ల్యాప్‌టాప్ అడ్రస్ వెనకే ఉండేలా నాట్ (NAT) పెట్టుకోవాలి. కళాశాల ల్యాబ్‌లు మూలపడేసే డెస్క్‌టాప్‌లను అడ్మిన్ పాస్‌వర్డ్‌తో సహా విద్యార్థులకు అప్పగించాలి.