పబ్లిష్ నొక్కే ముందు

2024 ఆగస్టు. రాత్రి పదకొండు దాటింది. వినోద వార్తల డెస్కులో మిగిలింది నువ్వొక్కడివే. ఫోన్ వణుకుతూనే ఉంది. ఎవరో వీడియో పంపారు.

తెరుస్తావు. ఆగి ఉన్న మొదటి బొమ్మ మసకగా ఉంది. దాని మీద వాటర్‌మార్కు, ఓ పక్క టైమ్‌కోడ్ అంకెలు. ఇది ‘డాన్‌డడాన్’ యానిమే. అక్టోబరులో కదా నెట్‌ఫ్లిక్స్‌లో రావాలి! ‘రన్మా 1/2’ కూడా బయటపడిందట. ‘ఆర్కేన్’ రెండో సీజన్ కూడానట.

ఇంకా విడుదల కానిది బయటికెలా వచ్చింది? అన్ని దేశాల్లో ఒకేసారి చూపించాలంటే డబ్బింగుకీ సబ్‌టైటిళ్లకీ ముందే కాపీలు పంపాలి. కన్నం పడింది ఆ దారిలోనే. పోస్ట్ ప్రొడక్షన్ భాగస్వామి ఒకరి దగ్గర నుంచి లీకైందని నెట్‌ఫ్లిక్స్ ఒప్పుకుంది, పేరు మాత్రం చెప్పలేదు. ఆ వెనకే ఐయునో అనే డబ్బింగ్, సబ్‌టైటిళ్ల సంస్థ తమ దగ్గర అనుమతి లేని చొరబాటు జరిగిందని ప్రకటించింది.

అంటే వార్త ఖాయం. నిర్ధారణ కోసమంటూ ఎపిసోడ్ చూడాల్సిన పని నీకిక లేదు.

వేలు మాత్రం ప్లే బటన్ మీదే ఉంది.

ఫోన్ మోగుతుంది. ఎడిటర్.

“పక్క సైటువాళ్లు పెట్టేశారు. మనదేది?”

“రాస్తున్నా సార్.”

“స్క్రీన్‌షాట్ పెట్టు.”

“పాత పోస్టర్ పెడదాం సార్.”

“పోస్టరా? ఎవడు నొక్కుతాడు?”

జవాబివ్వవు. నీ వార్త మళ్లీ చదువుతావు. ఫైళ్లు ఏ సైట్లో తిరుగుతున్నాయో రాసిన వాక్యం కనిపిస్తుంది. అది వార్త కాదు, అడ్రసు. తీసేస్తావు. ‘క్వాలిటీ అంత బాగోలేదు’ అన్నది కూడా. (చూడనివాడు క్వాలిటీ గురించి ఎలా రాస్తాడు?) కథలో మలుపు గురించి సగం వాక్యం. అదీ పోయింది.

సిరీస్‌ల పేర్లు? ఇక్కడ చెయ్యి ఆగుతుంది. రాస్తే కొందరు వెతుక్కుంటారు. రాయకపోతే, రన్మా కోసం ఎదురుచూస్తున్నవాళ్లు తెలియక స్పాయిలర్లలో పడతారు. పేర్లు ఉంచుతావు.

మళ్లీ మెసేజ్. “ఎంతసేపు?”

ఫోటో మార్చు. పాత పోస్టర్. హెడ్డింగ్ చూడు. ‘లీక్’ ఉంది. ‘ఇక్కడ’ లేదు. సరే.

నొక్కు.

వెళ్లింది.

వీడియో ఇంకా ఫోన్లోనే ఉంది. డిలీట్.

ఎడిటర్ మళ్లీ ఫోన్ చేస్తాడు. ఈసారి గొంతు మెత్తబడింది.

“అవునూ, ఆ డాన్‌డడాన్ ఫైలు నీ దగ్గరుందా? ఊరికే, చూద్దామని.”

“లేదు సార్. ఇప్పుడే తీసేశాను.”