ఇప్పుడు తీయొచ్చా?

2007లో తాతయ్య జ్ఞాపకాల నోటుబుక్కులు రెండింటిని ఒక డీటీపీ సెంటర్లో టైపు చేయించాం. ఆఖరి రోజు ఆయన కూడా వచ్చి, తెరముందే కూర్చుని, నోటుబుక్కులో లేని మనుషుల పేర్లూ ఊళ్ళ పేర్లూ చెప్పి చేర్పించారు. నేను ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఆకుపచ్చ గీత చివరిదాకా వచ్చింది, కాగితాలు ఎగిరే బొమ్మ మాయమైంది. బస్సుకి టైమైపోతోందని చటుక్కున లాగేశాను.

ఇంటికొచ్చి చూస్తే ఫైలు పేరుంది, లోపల ఏమీ లేదు. సరేలే, సెంటర్లో ఇంకో కాపీ ఉంటుందనుకుని పది రోజుల తర్వాత వెళ్తే, ఆ కంప్యూటర్‌ని ఫార్మాట్ చేసేశారని తెలిసింది. ఆ పేర్లు మళ్ళీ చెప్పించుకుందాం అనుకునేలోగా తాతయ్య పోయారు.

గీత చివరిదాకా వచ్చిందంటే పని అయిపోయినట్టే కదా? కాదు. ఈ ‘కాదు’కి దాదాపు యాభై ఏళ్ళ చరిత్ర ఉంది.

కొట్లో రద్దీగా ఉన్నప్పుడు కొట్టాయన లెక్కలన్నీ చీటీమీద గీకి పెట్టుకుని, రాత్రి తీరిగ్గా ఖాతా పుస్తకంలోకి ఎక్కిస్తాడు. కంప్యూటరూ అంతే. మెమరీలో రాయడం క్షణాల పని, డిస్కుమీద రాయడం నెమ్మది. అందుకని మనం సేవ్ కొట్టగానే ముందు మెమరీలో పెట్టుకుని ‘అయిపోయింది’ అనేస్తుంది. ఖాతాలోకి ఎక్కించడం తర్వాత. ఈ మధ్యలో ఎవరైనా పుస్తకం లాక్కుపోతే చీటీలో ఉన్నదంతా గల్లంతే.

బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ ఇలాగే పనిచేసేది. డిస్కుని వ్యవస్థకి తగిలించే ‘మౌంట్’, విడదీసే ‘యుమౌంట్’ అనే ఆదేశాలు 1971 నాటి దాని మొదటి మాన్యువల్‌లోనే ఉన్నాయి. మెమరీలో మిగిలినదంతా డిస్కుకి పంపమని చెప్పడానికి ‘సింక్’ అనే ఆదేశం ఉండేది. తమాషా ఏమిటంటే, ఆ సింక్ కూడా రాత పూర్తికాకుండానే తిరిగొచ్చేసేది. అందుకే మెషీన్ ఆపేముందు దాన్ని మూడుసార్లు, మూడు వేర్వేరు వరసల్లో టైపు చేయాలని పాతకాపులు కొత్తవాళ్ళకి చెప్పేవారు. రెండోదీ మూడోదీ చేసే పనేమీ పెద్దగా లేదు. అవి టైపు చేసేలోగా డిస్కుకి కాస్త టైము దొరుకుతుందంతే.

1984లో వచ్చిన మొదటి మాకింటాష్ అసలు మనిషినే నమ్మలేదు. ఫ్లాపీ బయటికి తీసే బటనే పెట్టలేదు. తెరమీద చెబితే మెషీనే ఫ్లాపీని బయటికి నెట్టేది. అందుకు దగ్గరి దారి, ఫ్లాపీ బొమ్మని చెత్తబుట్టలోకి లాగడం! ఉన్నదంతా చెరిగిపోతుందేమోనని జనం హడలిపోయేవారు. 2001లో మాక్ ఓఎస్ టెన్ వచ్చాక గానీ, డిస్కుని లాగుతున్నప్పుడు ఆ బుట్ట ఎజెక్ట్ గుర్తుగా మారలేదు.

పీసీల్లో డ్రైవుకే బటన్ ఉండేది, లైటు ఆరేదాకా ఆగితే చాలు. కానీ 1993లో ఎమ్మెస్ డాస్ 6లోని స్మార్ట్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్ రాతల్ని మెమరీలో ఆపి ఉంచడం వల్ల చిక్కొచ్చింది. జనం ప్రాంప్ట్ కనబడగానే పనైపోయిందనుకుని పవర్ ఆపేసేవారు. అదే ఏడాది వచ్చిన 6.2లో, రాత పూర్తయ్యాకే ప్రాంప్ట్ కనబడేలా మార్చారు.

1996లో యూఎస్‌బీ వచ్చింది. ఇంటెల్‌లో దాని రూపకర్తల్లో ముఖ్యుడు బరోడాలో చదువుకున్న అజయ్ భట్. కంప్యూటర్ నడుస్తుండగానే తగిలించొచ్చు, పీకొచ్చు. అందుకోసం ఆ ప్లగ్గులో కరెంటు పిన్నులు డేటా పిన్నులకంటే కాస్త పొడుగ్గా పెట్టారు. పీకేటప్పుడు ముందు డేటా తెగుతుంది, తర్వాత కరెంటు. అంటే సర్క్యూట్ భద్రత సంగతి లోహమే చూసుకుంటుంది. మెమరీలో ఆగిన అక్షరాల భద్రత మాత్రం మనమీద పడింది.

2000లో సింగపూర్ కంపెనీ ట్రెక్ థంబ్‌డ్రైవ్ తెచ్చింది. ఆ ఏడాది చివర్లో 8 ఎంబీల డిస్క్ ఆన్ కీని ఐబీఎం అమ్మింది. మనం వాటికి పెన్‌డ్రైవ్ అని పేరు పెట్టుకుని, కలంలాగే జేబులో పెట్టుకు తిరిగాం. కలాన్ని ఎవరైనా అనుమతి అడిగి తీస్తారా? సేఫ్లీ రిమూవ్ హార్డ్‌వేర్ అనే ఆ చిన్న బొమ్మ తెర మూలన ఉండేది. నొక్కితే, ఏదో ప్రోగ్రామ్ ఇంకా వాడుతోందనేది. ఏదో చెప్పేది కాదు. విసుగొచ్చి లాగేసేవాళ్ళం. చాలాసార్లు ఏమీ అయ్యేది కాదు, దాంతో ఆ హెచ్చరిక ఉత్త చాదస్తం అనిపించేది.

పెన్‌డ్రైవ్‌లో ఫైలు పేరు, పరిమాణం ఒకచోట ఉంటాయి, అసలు విషయం ఇంకోచోట ఉంటుంది, ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టిక మరోచోట. పేరు రాసి మిగతావి రాసేలోపు లాగేస్తే నాకు మిగిలిందే మిగులుతుంది.

చివరికి మైక్రోసాఫ్టే దిగొచ్చింది. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి ‘క్విక్ రిమూవల్’ పద్ధతినే మామూలు చేసింది. వేగం కాస్త తగ్గినా, రాతల్ని మెమరీలో ఆపి ఉంచదు. అయినా కాపీ నడుస్తుండగా పీకితే పాత కథే. లినక్స్‌లో పెద్ద ఫైలు ఎక్కించి చూడండి. గీత ఇట్టే నిండుతుంది, ఎజెక్ట్ నొక్కాక నిమిషాలు పడుతుంది. అసలు రాత అప్పుడు జరుగుతుంది.

మొన్న ఆ నోటుబుక్కులు తీసి, నేనే మళ్ళీ టైపు చేయడం మొదలుపెట్టాను. ప్రతి రాత్రీ ఎజెక్ట్ నొక్కి, తీయొచ్చని అది చెప్పేదాకా కూర్చుంటున్నాను. తాతయ్య నోటితో చెప్పిన పేర్లలో మూడు గుర్తొచ్చాయి. మిగతా చోట్ల చుక్కలు పెట్టి వదిలేశాను.