ఊళ్లో గ్యాస్ బావి తవ్వాలంటే జనాన్ని అడగాలా? పర్యావరణ అనుమతి ఎలా ఇస్తారంటే..

కొబ్బరి తోటల మధ్య రిగ్గులు కోనసీమకు కొత్త కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయితే అదుపులోకి తేవడానికి 65 రోజులు పట్టింది. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. అందుకే అమలాపురం చుట్టుపక్కల ఎక్కడ కొత్త బావి అన్నా, ‘మమ్మల్ని అడిగారా?’ అనే ప్రశ్న వస్తుంది. మరి నిబంధనలు ఏం చెబుతున్నాయి?

నిబంధనలు ఎవరు చేస్తారు?

1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1986లో పార్లమెంట్ పర్యావరణ పరిరక్షణ చట్టం చేసింది. చట్టం కేంద్రానికి అధికారాలు ఇచ్చింది. ఏ ప్రాజెక్టుకు అనుమతి కావాలి, ఎలా ఇవ్వాలి అన్న వివరాలు మాత్రం దాని కింద వచ్చే నోటిఫికేషన్లలో ఉంటాయి. పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ)పై తొలి నోటిఫికేషన్ 1994లో వచ్చింది. దాని స్థానంలో 2006 సెప్టెంబర్ 14న కొత్తది తెచ్చారు. దీన్ని మార్చడానికి పార్లమెంట్‌లో బిల్లు అక్కర్లేదు. కేంద్ర పర్యావరణ శాఖ సవరణ ఇస్తే సరిపోతుంది.

2020లో ఏం మారింది?

2020 జనవరి 16 నాటి సవరణతో చమురు, గ్యాస్ ‘అన్వేషణ’ను బీ2 కేటగిరీలోకి మార్చారు. బీ2 ప్రాజెక్టులకు పూర్తి ఈఐఏ నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ రెండూ అవసరం లేదు. రాష్ట్ర స్థాయి అథారిటీయే అనుమతి ఇస్తుంది. గ్యాస్ దొరికి ‘ఉత్పత్తి’ దశకు వెళ్తే మాత్రం అది ఏ కేటగిరీ. నిపుణుల కమిటీ పరిశీలించాక కేంద్రం నిర్ణయం తీసుకుంటుంది. అంటే ఊళ్లోకి వచ్చిన రిగ్ దేనికోసం అన్నదే ముందు తెలుసుకోవాల్సిన విషయం.

ప్రజాభిప్రాయ సేకరణ ఎలా జరగాలి?

- నిర్వహించేది కాలుష్య నియంత్రణ మండలి. కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షత వహిస్తారు.
- కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు ఇవ్వాలి. అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక కావాలి.
- ముసాయిదా నివేదిక కలెక్టరేట్, జిల్లా పరిషత్ వంటి కార్యాలయాల్లో అందరికీ అందుబాటులో ఉండాలి. సారాంశం తెలుగులోనూ ఉండాలి.
- సభ ప్రాజెక్టు స్థలంలో లేదా దానికి దగ్గరలో జరగాలి. మొత్తం వీడియో తీయాలి.
- వచ్చిన ప్రతి ఒక్కరికీ సందేహాలు అడిగే అవకాశం ఇవ్వాలి. రాతపూర్వకంగా కూడా అభ్యంతరాలు ఇవ్వవచ్చు.
- చివర్లో అభిప్రాయాల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి.

అందరూ వద్దంటే ఆగిపోతుందా?

ఆగదు. ఇది ఓటింగ్ కాదు. అయితే సభలో వచ్చిన ప్రతి అభ్యంతరానికీ కంపెనీ తుది నివేదికలో జవాబు చెప్పాలి. అందుకే ‘మాకొద్దు’ అని ఊరుకోకుండా బావి నుంచి బడికి దూరమెంత, బురద వ్యర్థాలు ఎక్కడ పోస్తారు, పంట కాలువలోకి నీళ్లు వదులుతారా, ప్రమాదం జరిగితే జనాన్ని ఏ దారిన తరలిస్తారు అని నిర్దిష్టంగా అడగడం మేలు. ఇలాంటి వాటికి నివేదికలో జవాబు దాటవేయడం కష్టం.

అనుమతి వచ్చేశాక?

పర్యావరణ అనుమతి ఒక్కటే చాలదు. నీటి చట్టం (1974), గాలి చట్టం (1981) కింద కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి కూడా కావాలి. అనుమతిలోని షరతులు ఎలా పాటిస్తున్నారో కంపెనీ ఏటా జూన్ 1, డిసెంబర్ 1 నాటికి నివేదిక ఇవ్వాలి. అనుమతి పత్రాలను కేంద్రం ‘పరివేశ్’ పోర్టల్‌లో చూడొచ్చు.

అనుమతినే సవాలు చేయాలంటే జాతీయ హరిత ట్రిబ్యునల్‌ (ఎన్జీటీ)కి వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన బెంచ్ చెన్నైలో ఉంది. అప్పీలుకు గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు అనుమతిస్తారు. అది కూడా దాటితే అప్పీలు తీసుకోరు. కాబట్టి రిగ్ దిగేదాకా ఆగకుండా, పత్రికలో నోటీసు కనిపించిన రోజు నుంచే తేదీలు రాసిపెట్టుకోవాలి.