రామదాసు కథయు రాజధర్మమును

భాగ్యనగరమునకు దక్షిణమున, శంషాబాదు మార్గముననున్న కాటేదానులో నేడు వినవచ్చునది యంత్రశాలల ఘోష. ఇచ్చటికి వాయవ్యమున గొలది మైళ్ళ దూరముననే గోలకొండ దుర్గము గలదు. అందు రామదాసు బందిఖానాయని చూపబడు చీకటికొట్టు గోడలపై సీతారామలక్ష్మణుల రూపములును హనుమంతుని రూపమును చెక్కబడియున్నవి. చూడవచ్చినవారు చేతులు జోడింతురు. కన్నీరు నించువారును గలరు. కాని యా చెఱసాల రాజులకును ప్రజలకును బోధించున దేమియని విచారించువా రరుదు. ఆ విచారమే యీ వ్యాసమున మా యుద్దేశము.

కంచెర్ల గోపన్న నేలకొండపల్లివాడు. గోలకొండ రాజ్యమున బాల్వంచ పరగణాకు దహసీలుదారై, భద్రాద్రిరామునకు దేవాలయము నిర్మించి, కీర్తనలు రచించి, రామదాసుడని ప్రసిద్ధి కెక్కెను. ఆ కాలపు ప్రభువు కుతుబ్ షాహీలలో గడపటివాడగు అబుల్ హసన్. తానాషాయని లోక మాతని బిలిచెను. 1672లో సింహాసన మెక్కుటకు బూర్వ మాతడు షా రాజు అను సూఫీగురువు చెంత శిష్యుడుగ నుండెను. గోపన్న సర్కారు పన్నుల సొమ్మును దేవాలయమునకు వెచ్చించెననియు, ఆ సొమ్మాఱు లక్షలనియు, అందులకై పండ్రెండేండ్లు చెఱయందుండెననియు జనశ్రుతి. తుదకు రామలక్ష్మణులు సేవకుల వేషమున రాత్రివేళ తానాషా కడకు వచ్చి, బాకీ యంతయు జెల్లించి, రసీదు గైకొని పోయిరని కథ.

ఈ కథను మన యిండ్లలో రెండు విధముల బొరపాటుగ జెప్పుట గలదు. మొదటిది, అన్యమతప్రభువు భక్తుని బాధించెననుట. చరిత్ర దీనికి సాక్ష్యమీయదు. తానాషా ప్రధానమంత్రి మాదన్న బ్రాహ్మణుడు. అతని యన్న అక్కన్నయు నున్నతోద్యోగియే. వీరిరువురును గోపన్నకు మేనమామలని ప్రతీతి. కూచిపూడి గ్రామమును భాగవతుల కగ్రహారముగ నిచ్చినవాడును తానాషాయే యని యచ్చటివారి సంప్రదాయము. గోలకొండ పాదుషా సన్నిధిని 1500 పదములు చెప్పితినని క్షేత్రయ్య తన పదమొకదానిలో జెప్పుకొనెను. తెలుగు పాటకు నీడనిచ్చిన కొలువును మతద్వేషమునకు నిదర్శనముగ జూపుట న్యాయము కాదు.

రెండవ పొరపాటు మఱింత సూక్ష్మమైనది. దైవకార్యమున కుపయోగించిన సొమ్మునకు లెక్క యక్కఱలేదని, గోపన్న చేసినది తప్పే కాదని పలువు రందురు. మా పాఠశాలలో బాలురు తఱచుగ నడుగు ప్రశ్నయు నిదియే: రామదాసు దొంగయా, భక్తుడా? ఆ సొమ్ము తానాషా తాతలు దాచిన ధనము గాదు. పాల్వంచ రైతు చెమటయోడ్చి కట్టిన పన్ను. కౌటిల్యుడు అర్థశాస్త్రమున బ్రభుత్వధన మపహరింపబడు విధములను నలువదింటిని లెక్కించెను. పుణ్యకార్యమునకై తీసిన ధనము నేరము కాదని యందు మినహాయింపు లేదు.

విచిత్రమేమనగా, జనులు కల్పించుకొన్న కథయే యీ ధర్మమును జక్కగ గుర్తించినది. రాముడు చెఱసాల తలుపులు బ్రద్దలు చేయలేదు, పాదుషాను శిక్షింపలేదు, మొదట బాకీ తీర్చి రసీదు పుచ్చుకొనెను. సర్కారు సొమ్ము సర్కారునకు జేరవలసినదే యని దైవముచేతనే యొప్పించిన కథ యిది. రామదాసును తన కీర్తన యొకదానిలో నే యాభరణమునకు నెన్ని మొహరీలైనవో రామునకు లెక్క చెప్పి, యవి యెవరబ్బ సొమ్మని నిలదీసెను. భక్తుడే, కాని లెక్క మఱువని యుద్యోగి. మేము బాలురకు జెప్పు సమాధాన మిది: ఆయన భక్తియు నిజము, ఆయన బాకీయు నిజము, ఒకటి రెండవదానిని గొట్టివేయదు.

ఇక రాజు మాట. బాకీ రాబట్టుట రాజధర్మమే. ఐనను శిక్షకు గడువుండవలదా? విచారణ యుండవలదా? తన కోటలోనే యొక మనుష్యు డేండ్ల తరబడి మొఱవెట్టుకొనుచుండగా నా మొఱ సింహాసనము వఱకు బోవు త్రోవ లేకపోయెను. తానాషా క్రూరు డని కథ చెప్పదు. అతనికి రామదర్శన భాగ్యము నంటగట్టినది. మంచి ప్రభువు క్రిందనే యిట్టి యన్యాయము జరిగెననుటలోనే కథయొక్క గంభీరార్థము గలదు. ప్రభువు మంచితన మొక్కటియే ప్రజకు రక్ష గాజాలదు.

ఈ విషయమున బడమటి యాఫ్రికాలోని యోరుబా జాతివారి సంప్రదాయము విచారింపదగినది. ఓయో నగరపు రాజును వారు అలాఫిన్ అందురు. అతని కొలువున అరోకిన్ అను గాయకులు పూర్వరాజుల చరిత్రములను గంఠస్థముచేసి పాడుచుందురు. వారి భాషలో స్వరభేదముచే నర్థభేద మేర్పడును గావున, డుండున్ అను వాద్యము మాటలనే పలుకగలదు. షాంగో యను పూర్వరాజు పిడుగును రప్పించు విద్యను బరీక్షింపబోయి, తన నగరునే దగ్ధముచేసికొని, ఆలుబిడ్డలను గోల్పోయి, ప్రాణములు దీసికొనెనని వారిలో నొక కథ. అనుచరులు రాజు మరణింపలేదని చాటి యాతనిని బిడుగుదేవతగ గొల్చిరి. బాటా యను మద్దెల నేటికి నాతని యారాధనలో మ్రోగుచున్నది. దేవుడైన రాజు చేసిన తప్పును గూడ వారి కథ మఱుగుపఱుపలేదు. వారిలోనివాడే యగు శామ్యూల్ జాన్సన్ ఇట్టి వృత్తాంతముల నెన్నింటినో సేకరించి 1897లో వ్రాసి ముగించిన చరిత్ర 1921లో ముద్రితమయ్యెను.

అంతకంటె ముఖ్యమైన దొకటి గలదు. ఓయో మేసి యను నేడ్గురు ప్రధానుల సభ రాజును గనిపెట్టియుండెడిది. రాజు హద్దు మీఱినచో వారు చిలుక గ్రుడ్లనో, వట్టి సొరకాయబుఱ్ఱనో యాతనికి బంపెడివారు. ఇక నీవు మాకు వలదని దాని భావము. అప్పు డాతడు ప్రాణత్యాగము చేయవలసినదే. ఈ కట్టడి కఠోరము, అనుకరింపదగినది గాదు. కాని రాజును ప్రశ్నించు త్రోవ యొకటి యుండి తీరవలయునను తెలివి యందున్నది. గోలకొండలో గోపన్న కట్టి త్రోవ లేదు. త్రోవ లేనిచోట బ్రజలు మహిమను గల్పించుకొందురు. దేవుడు మూటతో వచ్చినగాని విడుదల లేదనుట భక్తికి గీర్తియే. రాజ్యమునకు మాత్ర మపకీర్తి.

1687లో ఔరంగజేబు గోలకొండను గైకొనగా దానాషా దౌలతాబాదు కోటలో బందీయై, శేషజీవితము నచ్చటనే గడపెను. చెఱయనిన నేమో చెఱవేసినవానికిని దెలిసివచ్చెను. నేటికిని శ్రీరామనవమినాడు భద్రాచల కల్యాణమునకు బ్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు పంపబడుచున్నవి. ఈ యాచారము తానాషా నెలకొల్పినదని ప్రతీతి. కుతుబ్ షాహీలు పోయిరి, నిజాములు పోయిరి, 1950లో రాజ్యాంగము వచ్చినది. ముత్యములు తప్పక చేరుచున్నవి; కాని మన దేశపు జెఱసాలలలో నున్నవారి నెక్కువమందిని జూడగా నింకను విచారణ ముగియనివారే. వారిలో గీర్తనలు వ్రాయగలవా రెందఱు? వారికొఱకు రాత్రివేళ మూటతో వచ్చువా రెవరు?

చదువరులారా, నవమినాడు పిల్లలకు రామదాసు కథ చెప్పునపుడు మహిమతో నాపివేయకుడు. రసీదు సంగతియు జెప్పుడు. పండ్రెండేండ్ల మాటయు జెప్పుడు. ప్రజాధనమునకు లెక్కయు, బందీకి సకాలమున విచారణయు మనుష్యులే యేర్పఱచుకొనవలసినవి గాని దేవునికి వదలవలసినవి గావు.