లాభం ఏ దారిన పోతుంది?

కోయంబత్తూరులోని ఆర్.ఎస్. పురం నుంచి నగరం దాటుకుని తూర్పుగా వెళ్తే పీలమేడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే నాయుడు కుటుంబాలు మిల్లులు నిలబెట్టిన చోటు. పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కొడుకులు నలుగురూ ఆస్తి పంచుకుంటూ ఐదో వాటాను ధర్మానికి కేటాయించి, 1926లో పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్ స్థాపించారు. బడి పెట్టి లాభం తీసుకోకూడదన్న భావన ఈ నేలకు కొత్త కాదు.

చట్టం తీరూ అదే. బడికి కొంత మిగులు ఉండొచ్చు గాని లాభార్జన తగదని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కాగితం మీది నిషేధంతో డబ్బు ఆగుతుందా?

అమెరికాలోని ఒహాయో అనుభవం ఆగదనే చెబుతోంది. అక్కడి ఈకాట్ అనే ఆన్‌లైన్ చార్టర్ బడి (ప్రభుత్వ సొమ్ముతో ప్రైవేటు యాజమాన్యం నడిపేది) పేరుకు లాభాపేక్ష లేనిదే. ప్రభుత్వం విద్యార్థికి ఇంతని ఇచ్చిన సొమ్ములో పెద్ద మొత్తాలు కాంట్రాక్టుల రూపంలో బడి స్థాపకుడి సొంత కంపెనీలకు చేరాయి. హాజరు లెక్కలు తేలక, కోట్ల డాలర్లు వెనక్కి కట్టాల్సి వచ్చి, 2018 జనవరిలో బడి మూతపడింది. పిల్లలు చదువు మధ్యలో వేరే బడులు వెతుక్కున్నారు. అదే ఏడాది కాలిఫోర్నియా, లాభాపేక్ష గల కంపెనీలు చార్టర్ బడులు నడపకుండా చట్టం చేసింది.

మన దగ్గర గమనించవలసింది సొమ్ము అందే పద్ధతి. ఎయిడెడ్ బడికి గ్రాంటు ప్రధానంగా ఉపాధ్యాయుల జీతాలకే. దాన్ని దారి మళ్లించడం కష్టం. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడిలో పేద పిల్లలకిచ్చే 25 శాతం సీట్లకు వచ్చే సొమ్ము మాత్రం తలకింత చొప్పున యాజమాన్యానికి చేరుతుంది. ఒహాయో పద్ధతికి దగ్గరగా ఉన్నది ఇదే.

చదువు నాణ్యత మాటేమిటి? ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో ప్రైవేటు బడి ఫీజుకు వోచర్లు ఇచ్చి జరిపిన ప్రయోగంలో, అలా మారిన పిల్లలు నాలుగేళ్ల తరువాత ప్రభుత్వ బడి పిల్లల కంటే తెలుగులో, లెక్కల్లో మెరుగుపడలేదు, వెనకబడనూ లేదు. పైగా ఆ బడుల్లో తలసరి ఖర్చు ప్రభుత్వ బడిలో మూడో వంతు కంటే తక్కువ. ఇది ప్రైవేటు బడులకు అనుకూలమైన ఆధారమే, దాచకూడదు. కాని ఆ ప్రయోగం లాభాపేక్షను విడిగా కొలవలేదు. నిషేధం పెడితే మార్కులు పెరుగుతాయని దాన్నిబట్టి అనలేం, పెరగవనీ అనలేం.

నేను నిషేధాన్ని సమర్థించేది మార్కుల కోసం కాదు, ప్రజాధనం కోసం. అది కాగితం మీదే మిగలకూడదంటే, బడి నడిపే ట్రస్టు ధర్మకర్తల బంధువులకు బడి చెల్లించే భవనం అద్దె, పుస్తకాలకూ బస్సులకూ ఎవరి కంపెనీకి ఎంత ఇచ్చిందీ ఏటా బడి గేటు దగ్గర అతికించాలి. ఆర్.ఎస్. పురంలో పిల్లవాడి సీటు కోసం వరుసలో నిలబడే తల్లి చదవగలిగే భాషలో.