కన్నీటి లోటుకు మందుల చరిత్ర
కళ్లజోడు వదిలించుకోవాలని లేజర్ చికిత్స చేయించుకున్నాక కళ్లు పొడిబారితే, మండపేటలోనైనా హైదరాబాద్‌లోనైనా మొదట చేతికందేది చుక్కల మందే. అది తొలి మెట్టేనని ఈ వైద్య చరిత్ర చెబుతోంది. 1975లో కన్నీరు బయటికి జారిపోయే రంధ్రాలను మూసే ప్లగ్‌లు, 1984లో రోగి రక్తం నుంచే తీసిన సీరం చుక్కలు వెలుగులోకి వచ్చాయి. 2002లో అమెరికా సైక్లోస్పోరిన్ చుక్కలకు అనుమతిచ్చింది. అవి తగ్గించేది వాపును. నీరు చాలకపోతే కాలువ ఎక్కడ పూడిందో చూసే గోదావరి డెల్టావారికి ఇలా కారణాన్ని బట్టి మందు వెతికే వరస కొత్తేమీ కాదు.

లాసిక్ అనే ఆ లేజర్ చికిత్సలో కార్నియా నరాలు తెగి, కన్నీరు ఊరడం మందగిస్తుంది. చాలామందికి ఏడాదిలోపు సర్దుకుంటుంది కదా, పరీక్షల ఖర్చెందుకు అంటారు. తొలి నెలల్లో ఆ మాట సబబే. ఏళ్ల తరబడి మంట తగ్గనివారికి కాదు: రెప్పల్లోని నూనె గ్రంథులు పూడుకుపోతే వేడి కాపడం కావాలి, వాపు ఉండగానే ప్లగ్ పెడితే వాపును పెంచే కన్నీరే కంట్లో నిలవచ్చు.