ఎడారి సింహములు



సింహమనఁగానే మనకు పచ్చిక బయళ్లును, లేళ్ల మందలును, నిండిన మడుగులును స్ఫురించును. వానచుక్క యెఱుఁగని యిసుకలో మృగరాజు బ్రదుకఁగలదా? నైరుతి ఆఫ్రికాలోని నమీబ్ ఎడారి చరిత్రమే యీ ప్రశ్నకు సమాధానము.

1486వ సంవత్సరమున డియోగో కాఁవ్ అను పోర్చుగీసు నావికుఁడు ఆ తీరమున దిగి యొక శిలువను నాటెను. దానికి ఉత్తరముననున్న భాగమును అస్థిపంజరతీర మందురు. తిమింగిలముల యెముకలును, పగిలిన యోడలును అచటి యిసుకలో పడియుండెడివి. సాలునకు సగటున 20 మిల్లీమీటర్ల వానయైనను అక్కడ కురియదు. సముద్రమున సాగు చల్లని ప్రవాహమువలనఁ బుట్టు పొగమంచు మాత్రము తెల్లవారుజామున నేలను తడుపును.

అట్టిచోట సింహమునకు నీరెక్కడిది? వేఁటలోననే కలదు. ఓరిక్స్ అను పొడవుకొమ్ముల మృగము ఎండిన మొక్కలను, దుంపలను తిని, వానిలోని తేమతోనే చాలదినములు గడపును. ఆ మృగపు రక్తమాంసములే సింహమునకు దాహము తీర్చును. పగలు నీడను పడియుండి, రాత్రివేళ వేఁటాడుటచే దేహములోని నీరు వృథాకాదు. అయితే వేఁట అరుదు. కావున ఒక్కొక్క గుంపు వేలకొలఁది చదరపు కిలోమీటర్లు తిరుగవలయును. తూర్పు మెట్టలనుండి వచ్చు హోవానిబ్ వంటి యేఱులు పైకి ఎండియున్నను, వాని యిసుకక్రింద నిలిచిన నీరు చెట్లను పోషించును; ఆ చెట్ల నీడకు మృగములు చేరును.

1971లో నీ తీరము జాతీయోద్యానమైనది. 1980 తరువాతి సంవత్సరములలో అచటి సింహములు ఒడ్డునకుఁ గొట్టుకొనివచ్చిన తిమింగిలమును, సీలు జంతువులను తినుట జనులు చూచిరి. కాని ఆ దశకపు మొదటనే ఘోరమైన కఱవు వచ్చి మృగములు నశింపఁగా, సింహములు పశువులపైఁ బడెను. కాపరులు తుపాకిని, విషమును పట్టిరి. 1990 నాటికి తీరమున సింహమే లేకపోయెను. ఎడారి చంపలేనిదానిని మనుష్యుఁడు చంపెను.

1997లో ఫిలిప్ స్టాండర్ అను శాస్త్రజ్ఞుఁడు వెదకఁగా ఆ ప్రాంతమంతటను సుమారు ఇరువది సింహములే మిగిలియుండెను. 1996 నాటి చట్టము వన్యమృగముల వలని లాభమున గ్రామములకు హక్కు నొసఁగెను. చూడవచ్చువారి సొమ్ము కాపరులకుఁ జేరుటచే సింహముల సంఖ్య నూఱు దాటెను. అయినను 2016లో పేరుపొందిన యైదు మగసింహములలో నాల్గింటిని తుపాకియు విషమును మరల బలిగొనెను. మఱుసటి యేఁట కొన్ని పడుచు ఆఁడుసింహములు తీరమునకు వచ్చి నీటికాకులను, సీలు జంతువులను వేఁటాడసాగెను. ఆఁకలియే వానికి గురువు.

ఒక్క యావును కోల్పోయిన కాపరి యింట ఆ రాత్రి పాలుండవు. ఆ యింటివారి కష్టము నెఱుఁగక సింహమును రక్షింపుఁడని చెప్పుట సులభము. ఎడారి మృగరాజునకు నీటి కొఱఁత యొక లెక్క గాదు. ఆ కాపరి యోర్పే దాని ప్రాణాధారము.